బొక్కల దిబ్బ మన్ను

పోయిన వానకాలం మొదట్ల మా చెల్క చేను కాడికి వ్యవసాయ ఆఫీసరమ్మ వచ్చింది. స్కూటీని గట్టు మీద నిలబెట్టి, సంచిలకెల్లి ఒక పాకెటు తీసి, పసిపిల్లను అందిచ్చినట్టు రెండు చేతులతోటి నా చేతుల పెట్టింది. "అవ్వా, దీన్ని ఎండల పెట్టకు. దీంట్ల పానమున్న జీవాలున్నయ్" అన్నది. ఇటు తిప్పిన, అటు తిప్పిన. నల్లటి పొడి. చెవి కాడ పెట్టుకొని విన్న. "ఏం సప్పుడు చేస్తలేవు బిడ్డా, పండుకున్నయా?" అన్న. ఆ పిల్ల నవ్వింది. నవ్వే ఆఫీసర్లు తక్కువ, గందుకే గట్టు మీద కూసోబెట్టి మంచినీళ్ళిచ్చిన.

మా ఎర్రమన్నును అంతకుముందే తీస్కపోయి పరీక్ష చేయించిందట. మన్నుల పులుపున్నదట. పైరుకు భాస్వరం కావాలె, అది మన్నుల ఉన్నది, కానీ పైరుకు అందుతలేదట. "ఉన్నదంటివి, అందుతలేదంటివి. మధ్యల ఎవలు పట్టుకున్నరు మరి?" అని అడిగిన. "ఎర్రమట్టిల ఇనుముంటదవ్వా. మన్ను పులిస్తే ఆ ఇనుము భాస్వరాన్ని గట్టిగ పట్టుకుంటది. తను వాడుకోదు, పైరును వాడుకోనియ్యది. మీరు ఏండ్ల సంది పోసిన బస్తాల ఎరువు గూడ చానమట్టుకు గట్లనే పట్టుకొని కూసున్నది. ఈ పాకెట్లున్న జీవాలు కంటికి కనవడయ్. వేర్ల పొంటి చేరి, ఒక రసం వదిలి, ఆ పట్టు విడిపిస్తయ్." నేను తల ఊపి, "అంటే ఇనుము దొర, ఇవి సంఘపోల్లు" అన్న. ఆ పిల్లకు సమజ్ కాలే. ఆమె పుట్టేనాటికి దొరల గడీల పిట్టలు గూళ్ళు పెట్టుకున్నయ్. నేను మాత్రం నా చిన్నప్పటి ముచ్చట మొత్తం ఒక్క మాటల చెప్పేసిన.

తర్వాత ఎట్ల వాడాల్నో చెప్పవట్టింది. పశువుల పెంటల కలపాలె అన్నది. నీడన పెట్టాలె గదా అని నేనన్న. తడి గోనెసంచి కప్పాలె అన్నది. రోజూ ఇన్ని నీళ్ళు చల్లాలె, మరీ బురద కావొద్దు అని నేనన్న. "నీకెట్ల తెలుసవ్వా, ఎక్కడన్న శిక్షణకు పోయినవా?" అని అడిగింది. పోయిన, మా అవ్వ కాడికి. పాకెటు మూల పండ్లతోటి చింపి వాసన చూసిన. తొలి చినుకు వాసన, దాని కింద పులిసిన అంబలి వాసన, ఇంకా కిందికి పోతే ఇంకేందో. గా 'ఇంకేందో' కాడ నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. పొడి పడ్డదేమోనని ఆ పిల్ల రుమాలు తీసింది.

నన్ను సాదింది మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి. నన్ను కన్నతల్లి నేను పుట్టంగనే పోయింది. నా మొఖం చూసి జడుసుకొని పోయిందని నేనంటే అవ్వ నెత్తి మీద ఒకటిచ్చేది. మాది ఊరికి కింది దిక్కున్న మాదిగవాడ. ఊర్ల గొడ్డు చస్తే మోసుకొచ్చేది మేమే, తోలు తీసేది మేమే. ఆ తోలు చెప్పై ఊరి కాళ్ళకు పోయేది, మేము మాత్రం గడీ ముందర చెప్పులు చేతుల పట్టుకొని నడవాలె. దొర పొలాలకు పెంట మోసేది గూడ మా వాడ ఆడోల్లే, వెట్టికి. నలభై ఏండ్లు పెంటగంప మోసిన అవ్వకు, ఏ కుప్ప మాగిందో ఏది మాగలేదో ముక్కుతోనే తెలిసేది. కుప్ప మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకునేది, జెరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

దొరల మీదికి లేచిన సంఘమొచ్చినంక దొర పట్నం పారిపోయిండు. అవ్వ 'బాంచెన్' అనుడు బంద్ చేసింది. అన్నేండ్లు అన్న నోరు గదా, మధ్యమధ్యల 'బాం' దాక వచ్చి ఆగేది. ఆగంగనే తుపుక్కున ఉమ్మేసేది. సంఘమోల్లు భూములు పంచితే మాకు రెండెకరాల ఎర్ర చెల్క వచ్చింది. వాడల పిల్లలకు బడి గూడ పెట్టిన్రు. చానమంది చదువు మధ్యల ఇడిసిపెట్టిన అని చెప్పుకుంటరు. నేను ఇడువలే. నేను పలక మీద సగం అక్షరాలు దిద్దంగనే మిలిటరీ వచ్చి మా పంతుల్ని తీస్కపోయింది. మిగిలిన సగం ఆయన కాడనే ఉన్నయ్. ఇప్పుడు మీరు చదువుతున్న రాతల ఏమన్న తప్పులుంటే ఆ సగంల లెక్క.

ఆ చెల్కల మొదటి ఏడు జొన్న వేసినం. మోకాలెత్తు కాకముందే ఆకులు వంకాయరంగు తిరిగినయ్. చావలే, బతుకలే, ఎదుగుడు మాత్రం ఆపినయ్. బాపు రెండు బండ్ల పెంట కొట్టిండు, అయినా అంతే. గడీ మీద పానం కొట్టుకునేటోల్లు కొందరు దారెంట పోతూ, "ఆ చెల్క దొరకే వంగలే, మీకు వంగుతదా" అనేటోల్లు. అంతట్లనే పోలీస్ యాక్షన్ అయ్యింది. నైజాము దిగిండు, రజాకార్ల పీడ పోయిందంటే వాడంతా సంబురపడ్డది. మిలిటరీ లారీలు వచ్చినయ్, మేము చేతులూపినం. లారీల ఎన్క దొర కారు గూడ వచ్చింది. చేతులు కిందికి దిగినయ్. సంఘానికి అన్నం మోసిండని బాపును పట్టుకపోయిన్రు. ఇంట్ల నేను, అవ్వ, రెండెకరాల వంకాయరంగు మిగిలినం.

దొర ఎన్క పట్వారి గూడ భూముల లెక్కల బస్త విప్పిండు. చావడి అరుగు మీద కూసోని ఊరందరి భూములు పహాణీల రాస్తుండు. పైరు ఎవలిదో, భూమిల ఏమున్నదో రాసే పుస్తకం అది. మా చెల్క కాడ 'పడావు' అని రాసిండు, అంటే బీడు. అవ్వ పోయి నిలబడ్డది.

"జొన్న ఏసినంగద పట్వారయ్యా."

"గది జొన్ననా? కోడి గూడ తిరిగి చూడలే. ఇగో వినవే, ఇంకొక్క ఏడు. వచ్చే పహాణీల గూడ పడావైతే చెల్క గడీకి పోతది. ఎందుకు నీకీ పంచాది, ఇప్పుడే ఇడిసిపెట్టు."

"పైరు నిలబడితే?"

"నిలబడితే నీ కొడుకు పేరు రాస్త" అని నవ్విండు. ఆయన నవ్వితే అరుగు మీదున్న నలుగురు గూడ నవ్వాలె, నవ్విన్రు.

అవ్వ వాల్ల మొఖాలు ఒక్కొక్కటి చూసి, "అందరు విన్నరుగద" అన్నది. 'బాం' గూడ అనలే.

వాడ ఎన్క బొక్కల దిబ్బ ఉండేది. తోలు తీసినంక గొడ్ల బొక్కలు పారేసే జాగా. ఎన్ని తరాల ఎముకలున్నయో అక్కడ. ఊరోల్లు ముక్కు మూసుకొని చుట్టు తిరిగి పోయేటోల్లు. ఎండకాలం ఊరంతా ఎండుగడ్డి రంగుంటే, ఆ దిబ్బ మీద పాత బొక్కల నడుమ గరిక నల్లగ, నిగనిగలాడేది. నేను పుట్టకముందు నుంచీ అవ్వ దాన్ని చూస్తనే ఉన్నదట. కొత్త బొక్కలు పడ్డకాడ గడ్డి రాదు, పాతయి కరిగినకాడ వస్తది. "బొక్కల ఉన్న బలం గడ్డికెట్ల పోయిందే పోశీ? ఎవలో కరిగిస్తున్నరు. ఆల్లు గా మన్నుల ఉన్నరు" అనేది. ఎవలవ్వా అంటే, "పాలను పెరుగు చేసేటోల్లను నువ్వు చూసినవా? తోడు వేస్తలేమా?" అన్నది. ఇస్కూలు మొఖం చూడని మనిషి చెప్పిన ముచ్చట ఇది. పాకెటు మీద ఆమె పేరు లేదు, నేను వెతికిన.

ఎండకాలం మొదట్ల అవ్వ దిబ్బ మీది నుంచి పాత బొక్కల కింది మన్ను ఒక గంప తెచ్చింది. ఎండిన బొక్కలు కాల్చి, రాతి మీద నేను నూరిన. పెంట, బూడిద, ఆ నూరిన పొడి, ఆ మన్ను అన్ని కలిపి పెద్ద బానల పోసి, గోడ నీడన గుంత తవ్వి మెడ దాక పాతిపెట్టింది. మీద తడి గోనె. పొద్దుగాల లేవంగనే గోనె లేపి వాసన చూసేది, జొన్న గటుక కుండ కడిగిన నీళ్ళు చిలకరించేది, "తిన్నరా?" అని అడిగేది. నన్ను అడిగేది దాని తర్వాత. కన్నతల్లి లేని పిల్లను పెట్టుకొని మట్టిబానను గారాబం చేస్తవా అని నేను అలిగిన. "నువ్వు ఒక్కదానివి, ఆల్లు చానమంది" అన్నది. ఇంట్ల గూడ సంఘం పెట్టింది మా అవ్వ.

మేం గుంత తవ్వుడు పట్వారి మనిషి ఎవడో చూసిండు. ఒకనాడు పొద్దుగాల మిలిటరీ సుబేదారు ముగ్గురు జవాన్లతోటి వాకిట్ల దిగిండు. ఎన్క పట్వారి. మాదిగవాడల ఆయన అడుగు పెట్టుడు నేను చూసిన మొదటిసారి అదే. సంఘపోల్ల తుపాకులు బానల పాతిపెట్టినమట. జవాన్లు తవ్వి బానను పైకి తీసిన్రు. గోనె లేపంగనే నలుగురు నాలుగు దిక్కులు మొఖాలు తిప్పుకున్నరు. సుబేదారుకు తెలుగు రాదు, మాకు ఆయన మాట సగమే వస్తది. పట్వారే మధ్యల మనిషి.

"హాత్ డాలో" అన్నడు సుబేదారు పట్వారి దిక్కు చూసి. చెయ్యి పెట్టి చూడుమని. పట్వారి కండువ ముక్కుకు అడ్డం పెట్టుకొని రెండడుగులు ఎన్కకు జరిగిండు. "సాబ్, గొడ్డు బొక్కలు సాబ్. మేం ముట్టం." సుబేదారు మల్ల అన్నడు. పట్వారి మల్ల జరిగిండు. ఇంకొంచెం అంటే ఊరు దాటిపోయేటోడు. అట్ల జరుగుకుంట నా దిక్కు చూసి, "ఏయ్ పోరీ, నువ్వు పెట్టు" అన్నడు.

మోచేతి దాక పెట్టిన. లోపల ఎచ్చగున్నది. నాకు గా ఎచ్చదనం ఇయ్యాల్టికి గూడ చెయ్యిల ఉన్నది. కలియబెట్టి కలియబెట్టి ఒక బొక్క ముక్క తీసి పట్వారి మొఖం ముందర పట్టిన. "తుపాకి లేదు పట్వారి సాబ్. మన గడీ సుక్కెద్దున్నది, పోయినేడు చచ్చింది చూడుండ్రి. పలకరిస్తరా?" ఒక జవానుకు తెలుగు కొద్దిగ వచ్చేమో, ఫక్కున నవ్విండు. అవ్వ ఎన్కకెల్లి నా నడుము గిచ్చింది. నా చిలిపితనం ఖరీదు ఎంతనో వెంటనే తెలిసింది. పట్వారి మొఖం ఎర్రబడి, ఇది చేతబడి సామాను, రోగాలొస్తయ్, తగలబెట్టాలె అని సుబేదారుకు ఏదేదో ఎక్కిచ్చిండు. జవాను తుపాకి మడిమెతోటి బాన పగులగొట్టిండు. మా కొట్టం మీది గడ్డే పీకి, కుప్పేసి, అంటుపెట్టిన్రు. మన్ను ఎర్రగ కాలేదాక నిలబడి పోయిన్రు.

నేను ఏడుస్తున్న. ఎద్దు ముచ్చట నోరు మూసుకొని ఉంటే బాన ఉండేదేమో. దిబ్బ మీది నుంచి మల్ల తెద్దామంటే, బొక్కల దిబ్బ పక్కనే మిలిటరీ డేరాలు వేసిన్రు, అటు పోతే తుపాకి చూపుతరు. వానలకు ఇరవై రోజులు గూడ లేదు. ముక్కు చీదుకొని, చెయ్యి కడుక్కుందామని నీళ్ళ గోలెం కాడికి పోయి చెంబు ముంచిన. అవ్వ ఉరికొచ్చి నా మణికట్టు పట్టుకున్నది. అంత ముసల్దానికి అంత బలమెక్కడిదో.

"చెయ్యి కడుగకే."

చూసుకున్న. మోచేతి దాక నల్లగ పట్టి ఆరిపోతున్నది. గోర్ల సందులల్ల నిండుకున్నది. అవ్వ నన్ను కొట్టం ఎన్కకు తీస్కపోయి, పగిలిన కుండపెంకుల ఇంత పచ్చిపెంట వేసి, గటుక నీళ్ళు చిలకరించి, నా చెయ్యి దాంట్ల పెట్టి మెల్లగ రుద్దింది. గోర్ల సందు పుల్లతోటి తీసి దాంట్లనే వేసింది. "పెరుగు కుండ మొత్తం ఒలికిపోతే ఏం చేస్తం? గరిటెకు అంటింది గీకి తోడేస్తం. నువ్వు గరిటెవు" అన్నది. నన్ను మెచ్చుకున్న మాట ఆమె నోట్ల అదొక్కటే నాకు యాదికున్నది. తొమ్మిదో నాడో పదో నాడో గోనె లేపంగనే ఆ వాసన వచ్చింది. నూరినప్పుడు గూట్ల మిగిలిన పిడికెడు బొక్కపొడి గూడ దాంట్ల కలిపినం. చేను మొత్తం చల్లేటంత లేదు గదా. అందుకని జొన్న విత్తనాలను దాంట్ల పొర్లించి, గింజగింజకు పట్టిచ్చి, నీడన ఆరబెట్టి ఏసినం. చేను కొస కాడికి వచ్చేవరకు అది అయిపోయింది. మిగిలిన జాగల ఉత్త గింజలే ఏసినం.

ఆ వానకాలం అవ్వ రోజూ పొద్దుగాల చేన్ల వంగి ఆకుల కొసలు చూసేది. వంకాయరంగు కనవడితే నాకు చెప్పుమనేది, తన కండ్ల మీద తనకు నమ్మకం లేక. చేను కొసనున్న చెక్కల కనవడ్డది. ఉత్త గింజలేసిన కాడ పోయినేటి లెక్కనే మోకాలు కాడ ఆగి, ఊదారంగు తిరిగినయ్. మిగిలిన చేను నా నెత్తి దాటింది. నేను పొట్టిదాన్నే అనుకోండ్రి, అయినా దాటింది. నడుమ ఎవలో తాడు గుంజి గీత గీసినట్టు ఇటు పచ్చ, అటు ఊదా. అవ్వ ఆ గీత కాడ కాళ్ళు చెరొక దిక్కు పెట్టి నిలబడి చానసేపు నవ్వింది. బాపును తీస్కపోయినంక ఆమె నవ్వుడు అదే మొదలు.

పహాణీ దినాలొచ్చినయ్. పట్వారికి చేన్లల్లకు వచ్చే అలవాటు లేదు, చావడి అరుగు మీద కూసోనే ఊరంతా చూసొచ్చేటోడు. మా వాడోడు ఒకడు ఉరికొచ్చి, "మీ చెల్క పడావు రాస్తున్నడు" అని చెప్పిండు. అవ్వ చేన్లకు పోయి బలమైన జొన్నదంటు ఒకటి చూసుకొని, చుట్టు తవ్వి, వేర్లు తెగకుండ, మన్నుపెల్ల రాలకుండ పైకి తీసింది. దాన్ని నెత్తి మీద నిలువుగ పెట్టుకొని ఊరి నడుమకెల్లి నడిచింది. కాళ్ళకు చెప్పులేసుకున్నది. గడీ ముందర గూడ ఇడువలే. ఎన్క నేను, నా ఎన్క వాడ ఆడోల్లు.

చావడి అరుగు మీద పట్వారి, పక్కన కుర్చీల సుబేదారు చాయ తాగుతున్నడు. అవ్వ దంటును మన్నుతోటి సహ తీస్కపోయి పహాణీ పుస్తకం మీద పెట్టింది. తెరిచిన కాయితం మీద ఎర్రమన్ను జలజల రాలింది. పట్వారి లేచి, "ఓసి నీ..." అని ఆగిండు. సుబేదారు ఉన్నడు గదా.

"పైరు నిలబడితే రాస్తనంటివి" అన్నది అవ్వ. "నిలబడ్డది. నువ్వు రావైతివి, గందుకే అదే వచ్చింది."

సుబేదారు ఏందని అడిగిండు. పట్వారి ఏదో చెప్పబోయిండు, కానీ మిలిటరీ వచ్చినకాంచి నాకూ వాల్ల మాటలు నాలుగు ముక్కలు వచ్చినయ్ గదా, నేనే అందుకున్న. "పడావు జమీన్‌ల మొలిచింది సాబ్. పట్వారి సాబ్ రాస్తే బీడు, మేం ఏస్తే జొన్న." సుబేదారు చాయ పక్కన పెట్టిండు. దంటు వంచి కంకి చూసిండు. వేర్ల కాడి మన్ను చిటికెడు తీసి వేళ్ళ నడుమ నలిపి ముక్కు కాడ పెట్టుకున్నడు. ఆయన గూడ ఎక్కడనో రైతు బిడ్డేనేమో. చానసేపు వాసన చూసి, తల ఎత్తి నా మొఖం చూసిండు, తర్వాత నా చేతుల దిక్కు చూసిండు. నేను చేతులు ఎన్క దాచుకున్న. తను పగులగొట్టించిన బాన వాసన ఆయనకు యాదికొచ్చిందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పట్వారి దిక్కు తిరిగి "లిఖో" అన్నడు. రాయుమని.

పట్వారి మన్ను దులిపి రాయబోతే, అవ్వ "పైకి అనుకుంట రాయి, అందరు వినాలె" అన్నది. ఆయన బాపు పేరు, జొన్న, రెండెకరాలు అని అనుకుంట రాసిండు. గంతమాత్రానికి సుబేదారును నేను దేవుడంటలేను. బాపు మరో రెండేండ్లు జైల్లనే ఉన్నడు, కుంటుకుంట వచ్చిండు. వచ్చి చెల్కల నిలబడి, పిడికెడు మన్ను తీసి వాసన చూసి, "అవ్వ ఏం వండింది దీంట్ల?" అని అడిగిండు.

ఆ తోడును కొత్త బానల నేను పెండ్లయినంక గూడ కొన్నేండ్లు నడిపిన. తర్వాత బస్తాల ఎరువు వచ్చింది. మా పిల్లలు చదువుకున్నంక ఇంట్ల బొక్కలంటే సిగ్గుపడ్డరు. వాల్లను నేను తప్పుబట్ట. ఊరు మా మీద ఉమ్మిందే ఆ బొక్కల పేరు మీద, పిల్లలు ఆ పేరు మొయ్యాలంటే ఎట్ల? బాన నేనే మూలకేసిన. ఇప్పుడు అదే వాసన బొమ్మేసిన పాకెట్ల వస్తాంది. అప్పుడు ముక్కులు మూసుకున్నోల్ల మనుమలు దానికోసం లైన్ల నిలబడుతున్నరు. నిలబడనీ. వాల్ల చేన్లల్ల గూడ ఇనుము ఉన్నది, విడిపించేటోల్లు కావాలె. కానీ ఎవలన్న ఇది పట్నంల కనిపెట్టిన్రని నా ముందర అంటే మాత్రం గట్టు మీద కూసోబెట్టి ఈ ముచ్చట మొత్తం వినిపిస్త, మంచినీళ్ళియ్య.

ఆఫీసరమ్మకు గూడ మొత్తం చెప్పిన. ఆ పిల్ల విన్నంతసేపు విని, చేన్లనే నిలబడి పంటల లెక్క రాసుకునే ఫోను తీసి, "ఏం పంట రాయాల్నవ్వా?" అని అడిగింది. అరుగు మీద కూసోని కాదు, చేన్ల నిలబడి. గదొక్కటి మారింది, ఒప్పుకుంటున్న. "జొన్న రాయి" అన్న. చింత నీడన పెంటకుప్ప చేసి, పాకెటు ఒంపి, కొంగు దోపుకొని మోచేతి దాక చెయ్యి పెట్టి కలిపిన. ఎచ్చగనే ఉన్నది. కలుపుడు అయినంక ఆ పిల్ల తన బాటిలు మూత తీసి, సంచిల నుంచి చిన్న సబ్బుముక్క గూడ తీసి, "దా అవ్వా, చెయ్యి కడుక్కో" అని నీళ్ళు వంచబోయింది.

నేను చెయ్యి ఎన్కకు పెట్టుకున్న.

"కడుగ బిడ్డా. గది గూడ నీ ఫోన్ల రాసుకో."